మూడో మాటులో మనిషి

పోయినవారం నన్ను ఎక్కడ వదిలి వెళ్లారో గుర్తుందా? లాడ్జ్ ఆఫీసులో, మేనేజరు ఇమ్తియాజ్ బల్ల ముందు, ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో ఉన్ని టోపీ పట్టుకుని నిలబడి ఉంటే అలాగే వదిలేసి పోయారు. ఈ వారం రోజుల్లో మీ కోపం చల్లారి ఉంటుంది. నాది చల్లారలేదు.

కొత్తగా చేరినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. నా పేరు సీతారత్నం. పుట్టింది కొల్లేటి ఒడ్డున, ఆకివీడు దగ్గర. పద్దెనిమిదేళ్లుగా బహ్రెయిన్‌లో కాపురం, మహూజ్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. మా ఆయన పాండురంగ ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజినీరు. కూతురు లాస్య పదో తరగతి. నేను నాలుగేళ్లుగా ఈ వేట లాడ్జ్‌లో ఉత్తరాలూ బుకింగులూ చూస్తున్నాను. ద్వీపానికి దక్షిణాన తోటల్లోంచి వదిలిన నీళ్లు చేరి అక్కడొక మడుగు తయారైంది, దాని చుట్టూ మనిషెత్తు జమ్ము. చలికాలంలో బాతులు దిగుతాయి. చాలకపోతే పంజరాల్లో తెప్పించి వదులుతారు, ఆ సంగతి గెస్టులకు చెప్పం. శుక్రవారం తెల్లవారుజామున పోశన్న పడవ మీద గెస్టుల్ని తీసుకెళ్లి జమ్ములో కట్టిన మాటుల్లో దింపుతాడు. మాటు అంటే మనిషి కనపడకుండా నక్కి కూర్చునే తడికల గూడు. అలాంటివి ఐదున్నాయి, ఒక్కో మాటుకి ఒక తుపాకి. పొద్దెక్కాక గాలాలిచ్చి చేపలు పట్టిస్తారు.

కాల్చిన బాతు నీళ్లలో పడగానే పరిగెత్తేవాడు మహబూబ్ పాషా. మెట్‌పల్లి మనిషి, నలభై ఏళ్లవాడు. వారమంతా లాడ్జ్ బస్సు నడుపుతాడు, శుక్రవారాలు చిన్న కత్తి పట్టుకుని మోకాటి లోతు బురదలో దిగుతాడు. పక్షి ప్రాణంతో ఉండగానే బిస్మిల్లా అని గొంతు కోయాలి, లేకపోతే దాన్ని తను ముట్టుకోడు, వంటింటికి పంపనివ్వడు. మొన్న శుక్రవారం పాషా ఎడమ కన్ను పట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. జమ్ము మోడు గుచ్చుకుందని చెప్పి లాడ్జ్ వాళ్లు ఒక చిన్న క్లినిక్‌కి తీసుకెళ్లారు. అక్కడ కడిగి, చుక్కలు వేసి, కట్టు కట్టి పంపేశారు.

శుక్రవారం నాకు సెలవు. ఆ మధ్యాహ్నం నేను ఇంట్లో చేపల పులుసు పెట్టుకుంటూ కూర్చున్నాను. మా ఆయన ఆఫీసువాళ్లతో సిత్రా నుంచి సముద్రం మీదికి వెళ్లి తెచ్చిన చేపలు. ముక్కలు కోయించి మరీ తెచ్చారు కానీ ఎంత కడిగినా వాసన పోలేదు, ఉప్పూ నిమ్మకాయా రుద్ది రుద్ది విసుగొచ్చింది. పాషా కన్ను పట్టుకుని క్లినిక్ బల్ల మీద కూర్చున్న వేళకి నా ఏడుపు అది.

సోమవారం పొద్దున ఇమ్తియాజ్ ఒక కాగితం రాసి నాకిచ్చాడు. పాషా తన అజాగ్రత్త వల్ల జమ్ములో జారిపడ్డాడని, మోడు కంట్లో గుచ్చుకుందని, ఇందులో లాడ్జ్ తప్పేమీ లేదని. దాన్ని ఇంగ్లీషులో టైపు చేసి, పాషాకి తెలుగులో చదివి వినిపించి, మంగళవారం పదింటికల్లా సంతకం పెట్టించాలట. నేను చెబితే పాషా పెడతాడని అతనికి తెలుసు. ఆ కాగితం నా చేతికొచ్చిన పది నిమిషాలకే పోశన్న వచ్చి, పాషా ఆరోజు పెట్టుకున్న ఉన్ని టోపీ నా బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయాడు. దానికి ఎడమవైపు ఐదు చిల్లులున్నాయి.

జమ్ము మోడు ఒకచోట గుచ్చుకుంటుంది. ఐదుచోట్ల గుచ్చుకోదు. ఈ మాత్రం తెలుసుకోవడానికి పెద్ద చదువులు చదవక్కర్లేదు.

టోపీ తీసుకెళ్లి ఇమ్తియాజ్ ముందు పడేశాను. ఆయనది హైదరాబాదులో మెహదీపట్నం. ఎప్పుడూ మెత్తగా మాట్లాడతాడు, ఆ మెత్తదనం చూస్తేనే నాకు ఒళ్లు మంట. కూర్చోమన్నాడు, టీ చెప్పనా అన్నాడు, టోపీని అటూ ఇటూ తిప్పి చూసి పురుగులు కొట్టేశాయన్నాడు. ఐదు పురుగులూ కూడబలుక్కుని ఒకే వైపు తిన్నాయా అని అడిగాను. దానికి నవ్వాడు. ఆ నవ్వుకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడు దారి మార్చాడు. సరే, ఒకవేళ ఒక ఛర్రా తగిలే ఉందనుకుందాం అన్నాడు. ఛర్రా అంటే తూటాలోంచి చిమ్మే ఆవగింజంత సీసపు గుండు, ఒక్క తూటాలో వందల కొద్దీ ఉంటాయి. తగిలితే తప్పెవరిది? ఈల వేశాక, తుపాకులన్నీ దించాక మనిషి నీళ్లలో దిగాలని గోడ మీద రాసి ఉంది కదా. పాషా ఈల వేయకముందే ఎందుకు దిగాడు? గెస్టుల్లో సగంమంది అరబ్బులు, వాళ్లు కాల్చేటప్పుడే బిస్మిల్లా అంటారు, వాళ్లకి అంతటితో చెల్లిపోతుంది. కాల్చాక కూడా ప్రాణంతో ఉండగానే కోయాలన్నది మా వైపు పట్టింపు. పాషా తన పట్టింపుకొద్దీ తను పరిగెత్తాడు, ఎవరు పరిగెత్తమన్నారు అని అడిగాడు.

ఎవరు పరిగెత్తమన్నారో చూపిస్తానని లాడ్జ్ కరపత్రం తీసి బల్ల మీద పరిచాను. రెండో పేజీలో నల్లటి అక్షరాల్లో ఉంది: మా దగ్గర పక్షి నీళ్లను తాకిన నిమిషంలోపు జబహ్ అవుతుంది, మీ కుటుంబం నిశ్చింతగా తినవచ్చు. జబహ్ అంటే ఆ గొంతు కోతే. మనామాలో ఉన్న హైదరాబాదు కుటుంబాలు, కరాచీ కుటుంబాలు రావాలని ఆ వాక్యం పట్టుబట్టి పెట్టించింది ఇమ్తియాజే. ఈల కోసం ఆగితే ఐదు మాటుల్లో ఐదుగురూ తుపాకులు దించేసరికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో చచ్చిన బాతుని పాషా వదిలేస్తే, ఆ రాత్రి పాషాని పిలిచి తిట్టిందీ ఇతనే. గోడ మీద ఒక రూలు, కరపత్రంలో ఒక రూలు. ఈ రెండింటి మధ్య ఒక మనిషి బురదలో పరిగెత్తాడు.

ఆ కరపత్రం రాసిన చెయ్యి నాది. ఇమ్తియాజ్ రెండు నిమిషాలన్నాడు. నిమిషం అంటే వినడానికి బాగుంటుందని మార్చింది నేను. ఆ మాట అతని ముందు ఒప్పుకోలేదు, మీ ముందు ఒప్పుకుంటున్నాను.

కరపత్రం చూశాక అతని మొహంలో నవ్వు పోయింది. లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"సూడుండ్రి మేడమ్. ఛర్రా అంటే పోలీసులొస్తరు. పోలీసులొస్తే తుపాకి ఎవరి చేతిల ఉండెనని అడుగుతరు. మూడో మాటు ఆరోజు ఖాళీ. ఇగ మిగిలింది పాషానే. పనోడు పర్మిషన్ లేకుండ తుపాకి ముట్టుకున్నడని నేను చెప్తే ఆయన దవాఖానల కాదు, ఇంకో దగ్గర పండుకుంటడు."

ఎంత ధైర్యం. దెబ్బ తిన్నవాణ్ణే దొంగని చేస్తానంటున్నాడు, అది కూడా గొంతు పెంచకుండా. కానీ కోపంలో కూడా ఒక మాట నా చెవిన పడింది.

"నేను మూడో మాటు పేరెత్తలేదే," అన్నాను.

అతను నా వైపు చాలాసేపు చూశాడు. జాలిపడినట్టు చూశాడు. అది నాకు ఇంకా మంటెత్తించింది.

"మేడమ్, మీ మంచికే చెప్తున్న. ఆ మాటు జోలికి పోకుండ్రి."

నా మంచి నేను చూసుకోగలనని చెప్పి, టోపీ, కాగితం రెండూ బ్యాగులో కుక్కుకుని బయటికి వచ్చాను. బుకింగ్ పుస్తకం తెరిస్తే గురువారం పేజీ లేదు. ఆ సాయంత్రం నేను వెళ్లాక ఇమ్తియాజే ఫోనులో ఎవరిదో బుకింగ్ తీసుకుని ఉంటాడు, ఆ పేజీని కుట్టుదాకా చింపేశాడు. ఆఫీసు ఫోన్లోంచే మా కింది అంతస్తులో ఉండే కళ్ల డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఎవరి పేరూ చెప్పకుండా సంగతి అడిగాను. కంట్లో లోహం ఉండిపోతే ఎంత త్వరగా తీస్తే అంత మంచిదని, ఇప్పటికే మూడు రోజులైందంటే రేపు పొద్దున్నకల్లా పెద్ద ఆసుపత్రికి తీసుకురమ్మని, ఆలస్యమైతే ఆ కన్ను దక్కదని, ఒక్కోసారి బాగున్న రెండో కంటికి కూడా ముప్పొస్తుందని ఆవిడ చెప్పింది. అన్నిటికంటే ముందు, తుపాకి దెబ్బ అని డాక్టర్లకు చెప్పాలంది. మోడు గుచ్చుకుందని చెబితే వాళ్లు మోడు కోసమే చూస్తారు.

మూడింటికి పనివాళ్ల బస్సు బయల్దేరింది. మామూలుగా నేను అందులో ఎక్కను. ఆరోజు ఎక్కి పోశన్న పక్క సీట్లో కూర్చుంటే బస్సంతా తిరిగి చూసింది. బ్యాగులో డబ్బుల కోసం వెతుకుతుంటే పొద్దున ఇంట్లో రాసుకున్న చీటీ చేతికొచ్చింది: పెరుగు, కొత్తిమీర, నొప్పుల బామ్. మనిషి కన్ను పోతుంటే మన కొత్తిమీర మనది అనుకుని చీటీ లోపల పడేశాను.

సల్మాబాద్‌లో గ్యారేజీల వెనక క్యాంపు. గదికి ఆరు మంచాలు. పాషా కిటికీ వైపు మంచం మీద గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. కట్టు పసుపుపచ్చగా తడిసి ఉంది. నన్ను చూసి లేవబోయాడు. లేవొద్దని అరిచాను. పలకరించడానికి వచ్చిన మనిషి అలా అరవకూడదు, కానీ ఆ కట్టు చూశాక నాకు మంచిమాట ఒక్కటి రాలేదు. డాక్టర్లకు ఎందుకు అబద్ధం చెప్పావని, నీ కన్ను నీకు బరువైందా అని వాయించేశాను. అతను అంతా విని, నేను ఆగాక నెమ్మదిగా చెప్పాడు.

శుక్రవారం రెండో మాటుకీ మూడో మాటుకీ మధ్య ఒక బాతు రెక్క విరిగి పడింది. కొట్టుకుంటోంది. ఈల వినపడలేదు. ఇంకో నిమిషం ఆగితే చచ్చిపోతుంది. పాషా వంగి జమ్ములోకి దూరాడు, బాతుని పట్టుకున్నాడు, బిస్మిల్లా అనడం కూడా అయింది. కత్తి ఆనించే లోపల మూడో మాటులోంచి మళ్లీ తుపాకి పేలింది. నీళ్ల మీద పడిన పిట్టని మళ్లీ కాల్చకూడదని అనుభవం ఉన్న ఏ వేటగాడైనా చెబుతాడు. ఆ మాటులో ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు. జమ్ము కదిలితే పిట్ట ఎగురుతుందనుకుని కాల్చాడు.

క్లినిక్‌కి వెళ్లే దారిలోనే ఇమ్తియాజ్ పాషాకి చెప్పాడట, మోడు అను, లేకపోతే తుపాకి నువ్వే ముట్టుకున్నావని రాస్తానని. పాషా కొడుకు ముబషిర్‌కి వీసా ఇప్పిస్తానని కూడా అన్నాడట. ఆ వీసా కోసం ఇంటి దగ్గర అతని భార్య కమరున్నిసా ఏడాదిగా ఎదురుచూస్తోంది. బెదిరింపు ఒక చేత్తో, మిఠాయి ఇంకో చేత్తో. 

"నేనొక్కన్నే ఛర్రా అంటే నన్ను లోపలేస్తరు అక్కా. కాల్చినాయన వచ్చి, నేనే కాల్చిన, తెల్వక కాల్చిన అంటే అయిపాయె. నాకు భయం లేదు, రేపే దవాఖానకు పోత. ఆయన దొరికితే ఏమనకు. జర నా ఎంబడి వస్తే సాలు."

చూశారా, ఏమనొద్దట. కన్ను పోగొట్టుకుంటున్నవాడు, పోగొట్టినవాణ్ణి తిట్టొద్దని నన్ను బతిమాలుతున్నాడు. నేను మాత్రం మనసులో తిట్టాల్సినవన్నీ వరసగా పేర్చుకుంటున్నాను. ఎవడో పెద్ద కంపెనీవాడు, డబ్బున్నవాడు, సరదాకి తుపాకి పట్టుకుని మనిషిని కొట్టి ఇంటికెళ్లి హాయిగా భోంచేసి ఉంటాడు. వాడు దొరికితే ఏం చేస్తానో చూడమని పాషాకి చెప్పాను. పోశన్న వైపు తిరిగి, పడవలో దింపింది నువ్వే కదా, వాడెవడో చెప్పమన్నాను.

పోశన్న ధర్మపురి దగ్గర గోదావరిలో వల వేసి బతికినవాడు. పడవలో ఎక్కిన మనిషి బరువు చెప్పగలడు, పేరు చెప్పలేడు. ఒక కంపెనీ నుంచి నలుగురు వచ్చారన్నాడు. మూడో మాటులో దిగినాయన చలికి మూతి దాకా గుడ్డ చుట్టుకున్నాడట. పెద్ద సారు బలవంతం మీద వచ్చినట్టున్నాడట, దారి పొడుగునా పడవ అంచు పట్టుకునే కూర్చున్నాడట.

"తుపాకి పట్టుడు సుత రాదు మేడం. దాని కట్టె భుజానికి ఆనిచ్చి బిగపట్టాలె. ఈయన జానెడు దూరం పట్టిండు. గట్ల కాలిస్తే అది ఎనుకకు గుద్దుతది. ఆయన కుడి భుజం కమిలి నల్లగయి ఉంటది, వారం దాంక శెయ్యి లేవది. గది సూస్తే పట్టుకోవచ్చు."

 పోశన్న ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆయన తెలుగాయనేనట. పాషా కేక విని, అయ్యో, నేను చూళ్లేదండీ, చూళ్లేదండీ అని రెండుసార్లు అన్నాడట, మీ దిక్కు మాట మేడం అన్నాడు. తక్కినవాళ్లు ఆయన్ని జీపులోకి లాక్కెళ్లారట. పోతుంటే ఇమ్తియాజ్ మడుగులో పట్టిన జిలేబీ చేపలు ముక్కలు కోయించి, వద్దంటున్నా ఆయన చేతిలో పెట్టాడట.

కొల్లేటి ఒడ్డున పుట్టినదాన్ని నేను. పడవలోంచి దింపిన గంపలోకి తొంగిచూడకుండానే ఇది చెరువు చేప, ఇది సముద్రపు చేప అని వాసనతో చెప్పేదాన్ని. నిలవ నీళ్ల చేపకి ఒక బురద వాసన ఉంటుంది, ఉప్పు నిమ్మకాయ రుద్దితే తగ్గుతుంది, పోదు. శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు నేను రుద్దింది ఆ వాసననే. రుద్దుతూ కూడా నాకు అనుమానం రాలేదు. మొగుడు సముద్రం చేప అన్నాడు, నేను సముద్రం చేప అనుకున్నాను, పులుసు పెట్టాను, ఇద్దరం తిన్నాం.

పాషాకి నేను ఏం చెప్పి బయటికి వచ్చానో సరిగ్గా గుర్తులేదు. రేపు పొద్దున ఏడింటికి తయారుగా ఉండమని మాత్రం చెప్పాను. ఎవరు దొరికారని అతను అడగలేదు. టాక్సీ ఎక్కాను. తుబ్లీ దాటేదాకా బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దానిలోని చీటీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. బామ్ అయిపోయింది ఎందుకు? శుక్రవారం రాత్రి నుంచి రోజుకు రెండుసార్లు నేనే రాస్తున్నాను కనుక. బోటులో ఐసు పెట్టె ఎత్తబోతే భుజం పట్టేసిందని చెప్పారు. దీపం తీసేసి రాయమన్నారు, వెలుతురు కళ్లలో పడుతోందని.

ఆయన సోఫాలో వార్తలు చూస్తున్నారు. లాస్య ట్యూషన్‌కి వెళ్లింది. తలుపు చప్పుడు విని తల తిప్పకుండానే అడిగారు.

"రత్నం, బామ్ తెచ్చావా?"

టీవీ కట్టేశాను. గదిలో ఉన్న దీపాలన్నీ వేశాను. చొక్కా విప్పమన్నాను. ఏమిటీ హడావుడి అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. విప్పలేదు. నేనే బొత్తాలు తీశాను, ఒక బొత్తాం ఊడి కింద పడింది. కుడి భుజం కింద, అరచేయంత మేర, మధ్యలో నల్లగా, అంచుల్లో పచ్చబారుతూ ఉంది. నా చేత్తో ఇంకో రెండు రోజులు రుద్దితే అది కూడా కనపడకుండా పోయేది.

"సిత్రా సముద్రంలో జిలేబీ చేపలు ఎప్పట్నుంచి పడుతున్నాయండీ?"

ఆయన ఆ తర్వాత ఏదీ దాచలేదు, అదొక్కటే ఆయన పక్షాన చెప్పగలను. కంపెనీ పెద్దాయన గురువారం సాయంత్రం రమ్మన్నాడట, కాదనలేకపోయారట. మా ఇంట్లో ఎవరూ ఆ తుపాకి పట్టడానికి వీల్లేదని నేను ఒకప్పుడు ఒట్టు పెట్టించాను, అందుకని సిత్రా అని చెప్పారట. జమ్ము కదిలితే పక్షి అనుకున్నారట. పాషా కేక ఇప్పటికీ చెవుల్లో ఉందన్నారు. ఇమ్తియాజ్ శుక్రవారం సాయంత్రమే ఫోన్ చేసి, కంటి పక్కన చిన్న గీత పడింది, అంతే, మీ ఆవిడ మా దగ్గరే పని చేస్తోంది కాబట్టి మీరు మాట్లాడకపోతే అందరికీ మంచిదని చెప్పాడట. చిన్న గీత అన్నాడు రత్నం, అని మూడుసార్లు అన్నారు.

బ్యాగులోంచి టోపీ తీసి ఆయన ఒళ్లో వేశాను. లెక్కపెట్టమన్నాను. ఆయన లెక్కపెట్టలేదు. ఒక చిల్లులోంచి వేలు దూర్చి అలా చూస్తూ ఉండిపోయారు.

జీవితంలో ఆయన మీద కోప్పడలేదని కాదు. ఈసారి కోపం నాకే భయం పుట్టించింది. దారంతా ఎవడో డబ్బున్నవాడు, హాయిగా తిని కూర్చున్నవాడు అని తిట్టుకుంటూ వచ్చాను కదా, తిన్న ఆ భోజనం వండింది నేను. రేపు ఏడింటికి పాషాతో ఆసుపత్రికి వెళ్తున్నారు, నేనే కాల్చానని డాక్టర్లకు చెబుతున్నారు, తర్వాత పోలీసులకు చెబుతున్నారు అన్నాను. అడగలేదు, చెప్పాను.

 పెద్దాయన తన పేరు బయటికి రానివ్వడని, ఉద్యోగం ఉండదని, వీసా ఉండదని, వాళ్లు కేసు పెడితే ఎన్నాళ్లు లోపల ఉంటారో తెలియదని ఆయన ఒక్కొక్కటే చెప్పారు. అబద్ధాలేమీ కాదు. అన్నీ జరగొచ్చు. ఆ తర్వాత అనకూడని మాట అన్నారు.

"మార్చి దాకా ఆగుదాం రత్నం. లాస్య పరీక్షలు అయిపోనీ. తర్వాత నేనే వెళ్లి చెబుతాను, నీ మీద ఒట్టు."

"కన్ను మార్చి దాకా ఆగుతుందా అండీ?"

ఆయన తల దించుకున్నారు. నేను ఆగలేదు. దొరికితే ఆయన్ని ఏమీ అనొద్దని పాషా నన్ను బతిమాలాడని, ఆ మాట విన్నాక కూడా ఈ సోఫాలో కూర్చోగలిగితే కూర్చోండని చెప్పాను. మనం ముగ్గురం ఈ దేశం నుంచి వెళ్లిపోవాల్సి వస్తే వెళ్లిపోదాం, పిల్ల పరీక్షలు అక్కడ రాస్తుంది, ఏడాది పోతే పోతుంది. ఎక్కడికి పోయినా మనం రెండేసి కళ్లతోనే పోతాం కదా అన్నాను. ఆయన టోపీని ఒళ్లో పెట్టుకుని చిల్లుల మీద వేళ్లతో సర్దుతూ కూర్చున్నారు, ఎలాగైనా పూడ్చవచ్చేమో అన్నట్టు.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన మౌనం నాకు బాగా తెలుసు. దాన్ని ఇంకో గంట ఉండనిస్తే మార్చి అయిపోతుంది. నా ఫోన్ తీసి పాషా నంబరు నొక్కాను. ఆయన చూస్తుండగానే నొక్కాను. వద్దు అన్నట్టు చెయ్యెత్తబోయారు, కుడి చెయ్యి సగం కూడా లేవలేదు. ఆరేడుసార్లు మోగాక అవతల ఎత్తిన చప్పుడైంది. హలో అనేదాకా కూడా ఆగలేదు నేను, ఆగితే నా నోరు కూడా మూతపడుతుందని భయం.

"పాషా, మూడో మాటులో మనిషి దొరికాడు. పేరు పాండురంగ. మా ఆయనే. రేపు పొద్దున నేనే తీసుకొస్తాను."

అవతల నుంచి మంచం కిర్రుమన్న చప్పుడు, సంచీ జిప్పు లాగిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఒక మెత్తటి గొంతు పలికింది. అది పాషాది కాదు.

"మీ మంచికేనని చెప్పిన గద మేడమ్," అన్నాడు ఇమ్తియాజ్. "పాషా సామాన్ సర్దుకుంటున్నడు. రాత్రి పదింటికి ఫ్లైటు. టికెట్ మీ ఆయన కంపెనీయే కొన్నది, కావాలంటే ఇంట్లనే అడుగుండ్రి."

ఫోన్ పెట్టేశాడు. గోడ గడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. ఫోన్లో గొంతు గదిలో వినపడేంత గట్టిగానే వచ్చింది, ఆయన అంతా విన్నారు. టికెట్ సంగతి మీకు తెలుసా అని అడిగాను.

ఆయన టోపీని చేతిలోనే పట్టుకుని లేచారు. ఎడమ చేత్తో చొక్కా వెతుక్కుని, కుడి చెయ్యి లేవక తంటాలు పడుతూ తొడుక్కోవడం మొదలుపెట్టారు. నేను సాయం చేయలేదు. ఊడిపోయిన బొత్తాం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. సోఫాకి ఒక పక్క వీధి తలుపు, తాళంచెవులు. ఇంకో పక్క పడకగది. ఆయన ఎటు అడుగు వేస్తారా అని నేను నిలబడి చూస్తున్నాను.